న్యూట్రల్ కోసిన అల్లుడు

ముందుగానే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చీమను చూస్తే ఏనుగని చెబుతాను, పైగా దానిమీద ఒక మావటివాణ్ణి కూడా కూర్చోబెడతాను. కనుక కింద వచ్చే అంకెలన్నిటినీ నాలుగో వంతుకు కోసుకుని చదువుకోండి.

నిడదవోలులో నేను ఇల్లరికపుటల్లుణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వీధివైపు గదిలో కంప్యూటరు పెట్టుకుని శుభలేఖలు, అర్జీలు, పరీక్ష పేపర్లు టైపు చేసేవాణ్ణి. కంప్యూటరున్న గదిలోకి జనం చెప్పులు విప్పి వచ్చే రోజులవి. మా మానిటరు బరువు మూడు బస్తాల ధాన్యం. మా ప్రింటరు కూత వేస్తే స్టేషన్లో గూడ్సుబండి దారిచ్చి పక్కకు తప్పుకునేది.

ఇల్లు మామగారిది. గది మామగారిది. కరెంటు మీటరు మామగారి పేరుమీదుంది. నాదంటూ ఉన్నది ఆ కంప్యూటరూ, కుర్చీలో నా బరువూ.

మామగారు రైల్వే సిగ్నళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. లోకం పెన్ను పెట్టుకునే జేబులో ఆయన, కరెంటు తగిలితే వెలిగే టెస్టరు పెట్టుకునేవారు. నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. కోపం కాదు, మర్యాద. అల్లుడికి ఎదురు చెప్పకూడదు, తప్పు పట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఇన్ని కూడనివి పోగా మాట్లాడ్డానికి ఇంకేం మిగులుతుంది? హాల్లో ఎదురెదురుగా కూర్చున్నా మా మాటలు వంటింట్లో ఉన్న మా ఆవిడ మీదుగా వెళ్లి రావలసిందే.

“అమ్మాయ్, అల్లుడుగారు కాఫీ తీసుకుంటారేమో కనుక్కోమ్మా.”

“ఇప్పుడే తాగానని చెప్పు.”

“ఇద్దరికీ చెవులున్నాయి కదా, మధ్యలో నన్నెందుకండీ చంపుతారు!” అని మా ఆవిడ లోపల్నుంచి అరిచేది. ఆ అరుపు మాకిద్దరికీ నేరుగానే వినబడేది.

నాకొక జబ్బుండేది. పనయ్యాక కంప్యూటరు ఆపేసి లేచిపోయేవాణ్ణి గాని మానిటరు, ప్రింటరు, స్పీకర్లు, టేబుల్ లైటు ఆపడం మరిచిపోయేవాణ్ణి. వెంటనే హాల్లోంచి కబురొచ్చేది. “అమ్మాయ్, అల్లుడుగారి గదిలో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయమ్మా. చూడ్డానికి ముచ్చటగా ఉంది.”

“ఒరే, కరెంటు తగలెయ్యకురా” అంటే ఎంత హాయిగా ఉండేదో! దీపావళికి కూడా అంత ముచ్చటపడని మనిషి రోజూ నా గదిని చూసి ముచ్చటపడుతుంటే అన్నం సయించేది కాదు.

అందుకని ఒక జంక్షన్ బాక్సు తయారుచెయ్యాలని పూనుకున్నాను. కంప్యూటరు వేస్తే దానికి తగిలించినవన్నీ వాటంతటవే వెలగాలి, ఆపితే వాటంతటవే ఆరాలి. దానికి కావలసింది రిలే. అగ్గిపెట్టెలో సగమంత ఉంటుంది. కంప్యూటరు లోపల్నుంచి చిన్న కరెంటు అందితే టక్కుమని పెద్ద కరెంటుకి దారి కలుపుతుంది.

రిలేలంటే మామగారికి ఇలవేల్పులు. ఉద్యోగమంతా వాటితోనే గడిపారు. ఒక్క మాట అడిగితే కాఫీ చల్లారేలోగా చేసిపెట్టేవారు. అడగలేదు. అడిగితే ఆ డబ్బా కూడా ఆయనదే అయిపోతుంది. నేను చెయ్యాలి, ఆయన చూడాలి, నా మొహంలోకి చూసి, నాతో, ఒక్క మాట అనాలి. నాకు కావలసిందల్లా అదే.

రాజమండ్రి వెళ్లి రిలే కొన్నాను. మా ఆవిడ టిఫిన్ డబ్బాకి కన్నాలు పెట్టాను. నలభై రోజులు దీక్షగా టంకం పెట్టాను. ఉన్న పది వేళ్లలో పదమూడు కాలాయి. ఆఖరికి కంప్యూటరు బటన్ నొక్కితే డబ్బాలో టక్కుమంది, నాలుగూ ఒక్కసారే లేచాయి. ఆపితే నాలుగూ పడుకున్నాయి.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఎర్ర తీగలో కరెంటు వస్తుంది, నల్ల తీగలో తిరిగి వెళుతుంది. మొదటిది ఫేజు, రెండోది న్యూట్రల్. రెంటిలో ఏది తెంచినా లైటు ఆరుతుంది. తెంచవలసింది ఎర్రదాన్ని. నేను నల్లదాన్ని తెంచి రిలేకి కట్టాను. అంటే లైటు ఆరిపోయినా కరెంటు మాత్రం గుమ్మందాకా వచ్చి నిలబడే ఉంటుంది, ఎవరు తలుపు తీస్తారా అని. ఇది అప్పటికి నాకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్నాననుకుని మామగారు ఆ గదిలోకి వెళ్లారు. తలుపు సందులోంచి చూశాను. కంప్యూటరు ఆపి ఉంది. ఆయన జేబులోంచి టెస్టరు తీసి డబ్బాలో ఖాళీగా ఉన్న ప్లగ్గు రంధ్రంలో పెట్టారు. టెస్టరు ఎర్రగా వెలిగింది. కాసేపు అలాగే చూశారు. టెస్టరు జేబులో పెట్టుకుని హాల్లోకి వెళ్లి, “అల్లుడుగారు చాలా శ్రమపడ్డారమ్మా” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు మాత్రం ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యకు” అన్నారు.

మొదటి మాట మెప్పనుకున్నాను. రెండోది అపురూపమైన వస్తువు పాడవకూడదన్న జాగ్రత్తనుకున్నాను. వారం రోజులు గోదావరి వరదలా పొంగాను.

మా ఆవిడ డబ్బా మీద చెయ్యి వెయ్యలేదు. టేబుల్ లైటు బల్బు మాడిపోతే, కంప్యూటరు ఆపి ఉందో లేదో చూసుకునే, బల్బు తీసి హోల్డరులో దుమ్ము తడిగుడ్డతో తుడిచింది. కేక విని నేను వెళ్లేసరికి గోడవారగా కూలబడి ఉంది. రెండు వేళ్ల చివర్లు కమిలిపోయాయి. 

“ఆపే ఉంది కదండీ” అంది. “అన్నీ ఆపే ఉన్నాయి కదండీ!”

మామగారొచ్చారు. ముందు గోడ స్విచ్చు ఆపారు. కూతురి చెయ్యి పట్టుకుని చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

“ఏరా వెధవా, న్యూట్రల్ కోస్తావా? ఫేజు కొయ్యాలని ఎవడూ చెప్పలేదుట్రా నీకు?” అన్నారు.



మర్నాడు చూస్తే డబ్బాలో నల్ల తీగ అతికి ఉంది, ఎర్ర తీగ రిలేకి కట్టి ఉంది. నా టంకం చింతకాయల్లా వేలాడేది, ఇది ఆవగింజంత. ఎవరు చేశారని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. అది బోలెడన్నేళ్లు పనిచేసింది. మామగారు పోయేదాకా మా కాఫీ కబుర్లు వంటింటి మీదుగానే నడిచాయి.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. మానిటరు బరువూ, నలభై రోజులూ, పదమూడు వేళ్లూ మీరు ఎప్పుడో కోసేసుకుని ఉంటారు. వాటిని కల్పన అనరు, అలవాటంటారు. కల్పించింది ఒక్కటే. “ఏరా వెధవా” అని ఆయన అనలేదు. ఆ రోజు నావైపు తిరగనే లేదు. కూతురి చెయ్యి పట్టుకుని, “కంగారు పడొద్దని అల్లుడుగారికి చెప్పమ్మా” అన్నారు.

అప్పటికీ ఆవిడకి పళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. నావైపు చూసి, “కంగారు పడొద్దంటున్నారండీ” అని చెప్పింది.