పదమూడా, పద్నాలుగా?

లాయరు లేకుండా విడాకులు దొరకవని మచిలీపట్నంలో నాకు చెప్పినవారిలో ఒక్కరు కూడా ఆ మాట ఏ చట్టంలో ఉందో చూపలేకపోయారు. ఇద్దరు "రూలే అండీ" అన్నారు. మూడో ఆయన "లాయరు లేకుండా తీసుకున్నవాణ్ని మీరెక్కడైనా చూశారా?" అని నన్నే ఎదురడిగాడు. చూడకపోవడమూ లేకపోవడమూ ఒకటి కావు. డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ని కనుక, విజయవాడ వెళ్లి హిందూ వివాహ చట్టం పుస్తకం కొనుక్కొచ్చి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండుసార్లు చదివాను. ఏడాదికి తగ్గకుండా విడివిడిగా ఉండాలి, కలిసి ఉండలేకపోవాలి, విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ కలిసి ఒక పిటిషన్ వేయాలి. ఆరు నెలలు గడిచాక మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. ఇందులో ఎక్కడా లాయరు ప్రసక్తి లేదు.

ఇది తొంభైల చివరి మాట. మా పెళ్లి గుడివాడలో జరిగింది, కాపురం బందరులో సాగింది. అప్పటికి రెండేళ్లుగా ఆమె అవనిగడ్డలో ఉంటూ అక్కడి హైస్కూల్లో పాఠాలు చెబుతోంది. పిల్లలు లేరు, పంచుకోవలసిన ఆస్తి లేదు, తగవు కూడా మిగల్లేదు. ఆ ఫిబ్రవరిలో ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. భార్య పోయిన వ్యవసాయాధికారి ఒకాయన తనను చేసుకుంటానన్నాడనీ, తనకూ ఇష్టమేననీ రాసింది. ఆయన తల్లి మాత్రం మార్గశిరం దాటితే ఈ సంబంధం మాట మళ్లీ ఎత్తవద్దని చెప్పిందట. ముహూర్తాల మీద నాకు నమ్మకం లేకపోయినా, గడువు అనేదాన్ని లెక్కకట్టడం నాకు చేతనవును. ఏప్రిల్ ముగిసేలోగా పిటిషన్‌కు నంబరు పడితే నవంబరు మొదట్లో తీర్పు వస్తుంది. మే నెలంతా కోర్టుకు వేసవి సెలవులు. జూన్‌లో నంబరు పడిందంటే ఆరు నెలలు డిసెంబరులోకి పోతాయి, తీర్పు నకలు చేతికందేసరికి మార్గశిరం వెళ్లిపోతుంది.

పిటిషన్ నేనే రాసి, కోర్టు గేటు దగ్గర టైపు మిషను పెట్టుకుని కూర్చునే ఆయన చేత కొట్టించాను. ఆమె తన ప్రమాణపత్రాన్ని అవనిగడ్డలోనే తయారుచేయించి బస్సులో తెచ్చింది. పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యంగా శుభలేఖ జతచేశాం. మా పెళ్లిని రిజిస్టరు చేయించాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. అన్నీ కలిపి ఆఫీసులో ఇస్తే నాలుగో రోజున రిటర్న్ అయ్యాయి. పిటిషన్ మీద ఎర్ర సిరాతో ఒక్క వాక్యం ఉంది: వివాహ తేదీలో తేడా, సరిచేయవలెను.

నేను రాసిన పిటిషన్‌లో మే పద్నాలుగు అని ఉంది. ఆమె పత్రంలోనూ శుభలేఖలోనూ మే పదమూడు.

ఎలా జరిగిందో శుభలేఖ చూస్తే తెలిసిపోతుంది. "పదమూడో తేదీ బుధవారం రాత్రి (తెల్లవారితే గురువారం) గం. 12.09 ని.లకు" అని అచ్చువేశారు. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారానికి అర్ధరాత్రితో. పన్నెండూ తొమ్మిది అంటే పద్నాలుగో తేదీలో తొమ్మిది నిమిషాలు గడిచాయని అర్థం. మన జిల్లాలో లక్ష శుభలేఖలు ఇలాగే అచ్చవుతాయి, ఎవరికీ ఇబ్బంది కలగదు. పెళ్లయిన ఏడేళ్లలోనూ ఆమె పెళ్లిరోజు పదమూడున అనుకునేది. నేను పద్నాలుగు అని ప్రతిసారీ సరిదిద్దేవాణ్ని.

సెలవులకు ముందు చివరి పనిదినాన మధ్యాహ్నం ఇద్దరం ఆఫీసు గుమస్తా ముందు నిలబడ్డాం. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"విడిపోయింది ఎప్పుడో ఇద్దరూ ఒకటే రాశారు మాస్టారూ. చేసుకున్నది ఎప్పుడో మాత్రం కుదర్లేదు. ఇంతకీ మీరిద్దరూ ఒకరినొకరే చేసుకున్నారాండీ?"

నేను సూర్యోదయం, అర్ధరాత్రి, తిథి అన్నీ వివరించాను. తేడాకు కారణం చెబుతూ ఒక పేరా అదనంగా రాసిస్తానన్నాను.

"రాయండి. కానీ అది జడ్జిగారి ముందు పెట్టాలి. అయ్యగారు నిన్ననే లీవులో వెళ్లారు. మళ్లీ జూన్‌లోనే." ఆయన గొంతు తగ్గించాడు. "శుభలేఖ ఒక్కటేగా మీకున్న రుజువు. అందులో ఏ తేదీ ఉంటే ఆ తేదీ వేసి, దిద్దినచోట పొట్టి సంతకం పెట్టండి. ఈ పూటే నంబరేస్తాను. అయిదింటికి కౌంటరు కట్టేస్తాం."

సలహాలో లోపమేమీ లేదు. ఇబ్బంది పిటిషన్ చివరి వాక్యంతోనే. పైన చెప్పినదంతా నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేస్తూ దానికింద సంతకం చేయాలి. అది అబద్ధమని తెలిసి ఎలా చేయను? ఆమెతో వరండాలోకి వచ్చాక ఇదే మాట అన్నాను.

"అబద్ధమని మీకెలా తెలుసు?" అంది.

"కార్డులోనే ఉందిగా, పన్నెండూ తొమ్మిదని."

"కార్డులో తేదీని నమ్మరు గానీ టైముని నమ్ముతారా?"

ఆమె కొనసాగించింది.

"ఆ రాత్రి పురోహితుడుగారికి గుడ్లవల్లేరులో ఇంకో పెళ్లి ఉంది. తొందరపడ్డారు. మన నెత్తిన జీలకర్రబెల్లం పెట్టించేటప్పటికి పన్నెండు కాలేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు, చూశాను. మా మేనమామ నన్ను గంపలో తెచ్చి దించి, గంప అంచు పట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. ఆయన వాచీ సరిగ్గా నా కళ్ల ముందుంది. పన్నెండుకి పది తక్కువ."

"ఆ వాచీ సరిగా నడిచేదా?"

"అదిగో," అంది. నవ్వలేదు. "ఏడేళ్లూ ఇదే. నేను ఏది చెప్పినా ఇంకొకళ్లని అడిగిగానీ నమ్మరు. అడగండి మరి, ఎవరిని అడుగుతారో."

మేనమామ చనిపోయి రెండేళ్లయింది. పురోహితుడు గుడివాడలో ఉన్నాడు. వెళ్లి రావడానికి బస్సులో ఎంత లేదన్నా మూడు గంటలు. అప్పటికి మూడున్నర దాటింది. నా సొంత పరిశీలన అంటూ ఏమైనా ఉందా అని గుర్తుచేసుకున్నాను. మధుపర్కాలు కట్టబెట్టినప్పుడు నా వాచీ ఎవరో తీసి దాచారు. మా ఇద్దరి మధ్యా తెర ఉంది. ఏడేళ్లపాటు నేను సరిదిద్దుతూ వచ్చిన తేదీకి ఆధారం ముందే అచ్చయిన ఒక అట్టముక్క. జరగబోయేదాని ప్రకటనను జరిగినదానికి రికార్డుగా తీసుకున్నాను. ఈ పొరపాటు విద్యార్థి చేస్తే మార్కులు తగ్గించేవాణ్ని.

ఆమె చెప్పినదాన్ని కూడా ఊరికే ఒప్పుకోవడానికి వీల్లేదు. ఆ రోజు ఆ మాట చెప్పడంలో ఆమెకు ప్రయోజనముంది. ఏడేళ్లలో ఎప్పుడూ వాచీ సంగతి ఎత్తలేదు. అదే అడిగాను.

"మీరు సరిదిద్దుతుంటే మధ్యలో మాట్లాడటం ఎందుకని మానేశాను," అంది. తర్వాత, "మీకు నమ్మకం లేకపోతే వద్దులెండి. జూన్‌లోనే వేద్దాం. ఆయనకు చెప్పుకుంటాను," అంది.

జూన్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. నాలుగున్నరకు లోపలికి వెళ్లి పద్నాలుగు కొట్టేసి పదమూడు వేశాను. పక్కన పొట్టి సంతకం పెట్టాను. గుమస్తా నంబరు వేసి, "ఈ మాత్రానికి ఇంతసేపా మాస్టారూ!" అన్నాడు.

మే నెల మూడో వారంలో గుడివాడ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. పురోహితుడు పెద్దవాడైపోయాడు గానీ జ్ఞాపకం బాగానే ఉంది. నా ప్రశ్న వినగానే ఆయన ముఖం ఎర్రబడింది. "ముహూర్తం తప్పించి పెళ్లి చేయించానంటారా? నలభై ఏళ్లలో ఒక్క విఘడియ అటూ ఇటూ కాలేదు బాబూ," అన్నాడు. ఆ రాత్రి గుడ్లవల్లేరులో మరో పెళ్లి చేయించారా అని అడిగితే చేయించానన్నాడు. ఆమె మాటలో సగం తేలింది, మిగతా సగం అక్కడే ఆగింది. ఆయన కాదనడంలోనూ ఆయనకు ప్రయోజనముంది. స్వప్రయోజనం లేని మూడో సాక్షి ఎవరైనా దొరుకుతారేమోనని బందరు వచ్చేదాకా బస్సులో ఆలోచించాను. దొరకలేదు. గుడివాడ వెళ్లిన సంగతి ఆమెకు చెప్పలేదు.

నవంబరు మొదటి వారంలో కోర్టులో మా పేర్లు పిలిచారు. మా తరఫున ఎవరూ లేకపోవడం చూసి న్యాయమూర్తి లాయరుగారేరని అడిగారు. పెట్టుకోలేదన్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ముందు ఆమె చేత ప్రమాణం చేయించి, ఎవరైనా బలవంతం చేశారా, మనసు మార్చుకున్నారా అని అడిగారు. తర్వాత నన్ను బోనులోకి పిలిచారు. పిటిషన్ తిరగేస్తూ దిద్దుబాటు దగ్గర ఆగారు.

"వివాహం ఎప్పుడు జరిగింది?"

ఆమె నావైపు చూస్తోంది. ఆ క్షణాన నా దగ్గరున్న సమాచారం ఇంతే: ఒకరు చూశానంటున్నారు, ఒకరు కాదంటున్నారు, నేను చూడలేదు. చూడనివాడు చూసినవారి మాట తీసుకోవడం శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు. ఎవరి మాట తీసుకోవాలన్నది మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

"మే పదమూడు, సార్."

"దిద్దింది మీరేనా?"

"నేనే."

ఆయన రాసుకున్నారు. ఇంకో రెండు ప్రశ్నలయ్యాక విడాకులు మంజూరు చేస్తున్నట్టు చదివారు. అంతా కలిపి పది నిమిషాల పని.

నకళ్లు రావడానికి మరో పది రోజులు పట్టింది. ఆమె సెలవు పెట్టి వచ్చింది. తన కాపీ అందుకుని, నేరుగా నా చేతికిచ్చింది.

"ఒకసారి సరిచూసి పెట్టండి. పెళ్లప్పుడు వాళ్లకు చూపించాలి. తర్వాత తప్పులు బయటపడితే కష్టం. నాకీ ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది."

బస్టాండులో అవనిగడ్డ బస్సు పక్కన నిలబడి, నాలుగు పేజీలూ పిటిషన్‌తో పోల్చుతూ చదివాను. పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, సెక్షను, తేదీలు. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆమె తొందరపెట్టలేదు.

"తప్పులేమీ లేవు," అన్నాను.

కాగితాలు మడిచి, మళ్లీ చూడకుండానే చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కింది.