బతికున్న మనిషికి దినాలు

బడి నుంచి రిటైరై జగిత్యాలలో ఊరికే కూర్చున్న నాకు సిరిసిల్ల కులపెద్దలు ఒక పని అప్పజెప్పారు. తెల్లదొరల మీద పోరాడిన తమ ఊరి నాయకుడి విగ్రహం పెడుతున్నారట, ఆ రోజుకల్లా ఆయన జీవితచరిత్ర పుస్తకంగా రావాలట. నేత కుటుంబంలో పుట్టి, మగ్గం వదిలి బొంబాయి మిల్లుకు పోయిన మనిషి ఆయన. అక్కడ కూలీలను కూడగట్టాడు, జైలుకెళ్లాడు, తప్పించుకుని ఏళ్ల తరబడి పోలీసులకు చిక్కలేదు. అలాంటి మనిషి కథ రాయమంటే కాదంటానా? ఎగిరి గంతేశాను.

ఆరు నెలలు రాశాను. మూడో అధ్యాయం మీద నాకు మహా గర్వం. సిరిసిల్లలో ఆయన ఇంటి ముందు పోలీసులు కాపు కాస్తుంటే, ఆయన చనిపోయాడని మిత్రులు బొంబాయి నుంచి జాబు రాశారు. శవం లేదు కాబట్టి ఇంటివాళ్లు గడ్డిబొమ్మను తగలబెట్టి దినాలు చేశారు. పోలీసులు నమ్మి వెళ్లిపోయారు. "తన చావునే ఆయుధంగా మలుచుకున్న ధీరుడు" అని రాసి, ఆ వాక్యాన్ని పైకి రెండుసార్లు చదువుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోవడం నాకు పాత జబ్బు.

అచ్చుకిచ్చే ముందు ఆయన కూతురికి వినిపించాలని కోరుట్ల బస్సెక్కాను. తొంభై దగ్గర పడ్డ మనిషి. చదువు రాదు. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయాయి కానీ చెవులు మాత్రం పాము చెవులు. అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, "ఇగ చదువు బిడ్డా" అంది. మూడో అధ్యాయం అయిపోగానే చెయ్యెత్తి ఆపింది.

"గడ్డిబొమ్మకు దినాలు చేసిండ్రని రాసినవ్. మరి మా అవ్వ ముచ్చటేది?"

అవ్వ అంటే ఆవిడ తల్లి, నాయకుడి భార్య. "ఆమె కూడా ఏడ్చినట్టు నటించిందని రాశాను కదా పెద్దమ్మా" అన్నాను.

"నటించుడేంది? పుస్తెలు నిజంగనే తెంపిండ్రు. గాజులు నిజంగనే పలగ్గొట్టిండ్రు. నాయిన బతికున్నడని అవ్వకు ఎర్కనే. నోరు మూసుకొని కూసున్నది. నాకు గప్పుడు ఎనిమిదేండ్లు, పక్కనే ఉన్న."

తెల్లవాళ్లు వెళ్లిపోయాక ఆయన ఇంటికి వచ్చాడు. ఊరంతా డప్పులతో ఎదురెళ్లింది. మర్నాడు భార్యకు మళ్లీ పుస్తెలు కట్టే మాట వస్తే అప్పటి కులపెద్దలు కుదరదన్నారు. దినాలతో తీసేసిన పుస్తెలు మళ్లీ కడితే ఇంటికి అరిష్టమట. మొగుడు ఎదురుగా నిక్షేపంలా కూర్చుని ఉండగా అరిష్టం! వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి మీ నాయన ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమంటడు? తల వంచుకొని కూసున్నడు."

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆమె అదే ఇంట్లో ఆయనకు వండి పెట్టింది, ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టింది, బొట్టు లేకుండానే. కన్నకూతురి పెళ్లిలో తలంబ్రాల వేళ వంటింట్లో కూర్చుంది. ఆమె పోయేనాటికి ఆయన బతికే ఉన్నాడు. మొగుడి కంటే ముందు పోయిన ఆడమనిషిని పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులేసి సాగనంపుతారు. ఆమెకు అదీ చెయ్యలేదు.

"అవ్వ పోయిననాడు నేను కుంకుమ బరిణె పట్టుకొని లేసిన. నాయిన నా చెయ్యి పట్టుకున్నడు. ఊకో బిడ్డా, లొల్లెందుకు అన్నడు." నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు రాలేదు. "గీ ముచ్చట బుక్కుల రాస్తవా? నేను పోతే చెప్పెటోళ్లు లేరు" అంది.

రాస్తానని మాటిచ్చాను. సిరిసిల్ల వెళ్లి పెద్దలకు ఆ సంగతి చెప్పాను. "ఇగ్రహం పెడుతున్నం టీచరమ్మా, గిప్పుడు గవన్నీ తవ్వుడెందుకు? మంచిగుండదు" అన్నాడు వాళ్లలో పెద్దాయన. నేను గట్టిగా పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. "ఆనాటి కట్టుబాట్ల కారణంగా ఆ ఇల్లాలు వైధవ్య చిహ్నాలతోనే జీవించవలసి వచ్చింది" అని ఎవరికీ నొప్పి తగలని వాక్యం ఒకటి రాసిచ్చాను. అందరూ సరేనన్నారు.

ఆ వాక్యం పట్టుకుని మళ్లీ కోరుట్ల వెళ్లి చదివాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"కట్టుబాట్లంటే ఎవలు బిడ్డా? గవాటికి కాళ్లు చేతులుంటయా?"

సిగ్గుతో నా తల లేవలేదు.

"నాయిన భయపడ్డడు. ఇంగ్లీషోళ్లకు భయపడనోడు మనోళ్లకు భయపడ్డడు. నాయినంటే నాకు పానం. అయినా గదే రాయి."

అక్కడే అరుగు మీద పాత వాక్యం కొట్టేసి, ఆవిడ చెప్పినట్టే రాశాను. సిరిసిల్ల వాళ్లు తప్పుకుంటే తప్పుకోనీ, నేనే అచ్చు వేయిస్తానన్నాను. రాసింది చదివి వినిపించాను. ఇప్పటికైనా ఆవిడ మనసు కుదుటపడుతుందనుకున్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఇంకోటి గూడ రాయి. నాయిన నా చెయ్యి పట్టుకున్నది ఒక్క గడియనే. తర్వాత ఇడిసిపెట్టి బయటికి పోయిండు. బరిణె నా చేతులనే ఉన్నది. అవ్వ నా ముంగటనే ఉన్నది. నేను గూడ బొట్టు పెట్టలే."