పాజ్ నొక్కితే రౌండు పోతుంది

ఆవిడ పగలంతా కళ్లద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. ఆదివారాలు టైర్ల దుకాణం మీది హాల్లో వీడియో గేముల పోటీకి రిఫరీ. మొదటి పని కూటికోసం. రెండోది దేనికోసమో చాలాకాలం నాకు బోధపడలేదు. మా పక్క వాటాలో ఉండేవారు అక్కాచెల్లెళ్లిద్దరూ. తల్లిదండ్రులు పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. నా అన్నవాళ్లు ఆవిడకు ఆ ఒక్కతే.

నేను ఆ హాలుకు ఆట కోసం వెళ్లలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో మరీ పొడుగ్గా ఉండేవి. వెనక బెంచీ మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ని.

"ఈ గోలలో ఎలా చదువుతారండీ?" అని అడిగిందోసారి.

"నిశ్శబ్దంలో చదివీ చదివీ విసుగొచ్చిందమ్మా" అన్నాను. నవ్వింది.

తెర మీద రెండు బొమ్మలు కొట్టుకునే ఆట అది. ఒకప్పుడు ఆ హాల్లో ఆవిణ్ని ఓడించినవాళ్లు లేరట. పాత రిఫరీకి బదిలీ అయింది. ఆడాలని అందరికీ ఉంది, తీర్పు చెప్పాలని ఎవరికీ లేదు. కొన్నాళ్లు హాలు తాళం తియ్యలేదు. చివరికి ఆవిడే చేతిలోని బటన్ల కంట్రోలర్ కింద పెట్టి తాళంచెవి తీసుకుంది. రిఫరీ ఆడకూడదని ఎవరూ అనలేదు. ఆ కట్టుబాటు తనకు తనే పెట్టుకుంది. పోటీ రోజున ఆటగాళ్లతో కలిసి టీ కూడా తాగదు. అందరూ కింద గుంపుగా నిలబడి ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటుంటే, పైన కిటికీ దగ్గర ఒక్కతీ తెరల తీగలు చుట్టుకుంటూ ఉండేది.

"నువ్వూ వెళ్లొచ్చు కదమ్మా."

"వెళ్తే ఎవడో ఒకడి పక్కన నిలబడాలి కదండీ. రెండోవాడు చూస్తాడు."

పక్క ఊళ్లో ఇలాంటి హాలే ఒకటుండేది. నడిపేవాడి బావమరిది వరసగా గెలుస్తూ పోయాడు. నిజంగానే బాగా ఆడాడేమో, కానీ ఎవరు నమ్ముతారు? జనం మెల్లగా జారుకున్నారు. ఇప్పుడక్కడ పరుపులు అమ్ముతున్నారు. "బావమరిది మాత్రం అక్కడే ఉన్నాడక్కా, పరుపులు మోస్తున్నాడు. మొత్తానికి కష్టపడటం నేర్చుకున్నాడు" అనేవాడు మా హాల్లో ఆడే ఒక ప్లంబరు. ఆ ఊరి నుంచే బస్సులు మారి వచ్చేవాడతను.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. మధ్యలో పాజ్ నొక్కితే తెర ఆగిపోతుంది, ఎదుటివాడి వేళ్ల లయ తెగిపోతుంది. పోయిన ఆ క్షణాన్ని మళ్లీ తెచ్చి ఇవ్వలేం. అందుకని, కావాలని నొక్కినా వేలు జారి నొక్కినా ఆ రౌండు ఎదుటివాళ్లది. ఆ వేసవిలో వేలు జారి ప్లంబరుకు అలాగే రౌండు పోయింది. చేతికందిన ఆట. మాట్లాడకుండా కంట్రోలర్ సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

వానలు పట్టాక, పెద్ద పోటీకి మనిషిని పంపే రోజు వచ్చింది. గెలిచినవాళ్లొక్కరే వెళ్తారు. ఏడాదిగా మా గోడకవతల బటన్ల టకటక వింటూనే ఉన్నాను. అది చెల్లెలి సాధన. చివరి ఆటలో ఒకవైపు తను, రెండోవైపు ఇస్త్రీ దుకాణం అతను.

"ఈ ఒక్కదానికీ ఎవరైనా నా చోట నిలబడండి" అంది ఆవిడ.

"నువ్వుండగా మేమెందుకక్కా?" అన్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు.

రౌండ్లు సమానమయ్యాయి. మిగిలింది ఆఖరిది. చెల్లెలు ఇంకొక్క దెబ్బ కొడితే చాలు. అప్పుడు తెర ఆగిపోయింది. తన బొటనవేలే జారింది.

ఇస్త్రీ అతనే ముందు నోరు విప్పాడు. "పర్లేదక్కా, వదిలెయ్. ఎలాగూ పోయేవాణ్నే."

"అతనే ఒప్పుకుంటుంటే మధ్యలో నీకేంటక్కా?" అన్నారెవరో వెనకనుంచి.

గోడకానుకుని ఉన్న ప్లంబరు వైపు ఆవిడ చూడలేదు. నేను చూశాను. అతను తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"రౌండు అతనిది. ఆట అయిపోయింది" అంది.

"అక్కా, అతను వదిలేశాడు కదా" అంది చెల్లెలు.

"వదలడానికి అది అతని సొంతం కాదు."

"మరెవరి సొంతం? నీదా?"

ఆవిడ తెర ఆపేసి తీగలు చుట్టడం మొదలుపెట్టింది.

ఇంటికి ఇద్దరూ వేరువేరుగా వచ్చారు. తర్వాత కొద్దిరోజులకే చెల్లెలు ఆఫీసుకు దగ్గరని వేరే గది చూసుకుంది. "మంచిదే, బస్సు తిప్పలు తప్పుతాయి" అంటూ అక్కే దుప్పట్లు మడిచి కట్టింది. ఆ తర్వాత గోడకవతల నుంచి వినబడేది ఫోను మాటలే. తిన్నావా, జ్వరం తగ్గిందా, సరే ఉంటా. ఆట ఊసు వచ్చేది కాదు.

ఉండబట్టలేక ఒకరోజు అన్నాను. "ఆ ఒక్కసారికీ కంచే చేను మేసిందని ఎవరూ అనేవాళ్లు కాదమ్మా."

"అనరండీ. ఏమీ అనకుండా రావడం మానేస్తారు."

హాలు మాత్రం నిండుతూనే ఉంది. పక్క ఊరి నుంచి కొత్త ముఖాలు కూడా వస్తున్నాయి. పోటీ అయ్యాక అందరూ జంటలుగా, గుంపులుగా మెట్లు దిగిపోతే, ఆవిడ తలుపుకు తాళం వేసి, అది పడిందో లేదో లాగి చూసుకుని, వాళ్లు కనుమరుగయ్యాక దిగేది.

చలి మొదలైన ఒక ఆదివారం చెల్లెలు మెట్లెక్కి వచ్చింది. నేను పుస్తకం మూసేశాను. ఆటకు ముందు అందరి కంట్రోలర్లూ పరీక్షించడం రిఫరీ పని. చెల్లెలు తోసుకురాలేదు, వరసలో నిలబడింది. వంతు వచ్చాక తనది బల్ల మీద పెట్టింది. పాజ్ బటన్ మీద, గాయానికి అంటించే ప్లాస్టరు పొర మీద పొరగా అతికించి ఉంది.

హాల్లో చిన్నా పెద్దా అక్కా అని పిలిచే మనిషిని, "ఇది ఉండొచ్చా మేడం?" అని అడిగింది. ఎత్తిపొడుపు అనుకుందామంటే గొంతులో అది లేదు.

ఆవిడ కంట్రోలర్ తిప్పి చూసింది. ప్లాస్టరు అంచు ఒకచోట లేచి ఉంటే గోటితో నొక్కి అణిచింది. అలా కాసేపు పట్టుకునే ఉంది. వెనకవాళ్లు తొందర పెట్టలేదు.

"ఉండొచ్చండి" అంది. "మూడో బల్ల."

చెల్లెలు వెళ్లి మూడో బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడ తర్వాతి మనిషి కంట్రోలర్ అందుకుంది.