హస్తవాసి గల డాక్టరు

పోయిన వేసవిలో, పన్ను పీకించుకోవడానికి సీతాఫల్‌మండిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన హస్తవాసి గొప్పదని మా పక్కింటావిడే పంపింది.

కుర్చీలో పడుకోగానే నా వణుకు చూసి, భయపడేవాళ్లకు ధైర్యం చెప్పే థెరపిస్టు అమ్మాయి లత దగ్గరికొచ్చింది. “పరేషాన్ కాకుండ్రి ఆంటీ. కండ్లు మూసుకొని నా చెయ్యి గట్టిగ పట్టుకోండ్రి” అంది.

కళ్లు మూసుకుని, తగిలిన చేతిని రెండు చేతులతో ఒడిసిపట్టాను. ఎంతసేపటికీ నొప్పే లేదు!

“అయిపోయిందా అమ్మా? చీమ కుట్టినట్టు కూడా లేదు!” అన్నాను మురిసిపోతూ.

“ఇంకా షురూనే కాలే ఆంటీ. మీరు పట్టుకున్నది డాక్టర్ సార్ చెయ్యి. పాపం, మొహమాటంతోని ఏమంటలేరు.”

సిగ్గుతో వదిలేసి, ఈసారి కళ్లు తెరిచి లత చెయ్యే పట్టుకున్నాను. పన్ను హాయిగా ఊడింది.

హస్తవాసి మాట నిజమే. కాకపోతే, ముందు ఆ చెయ్యి వదలాలి!