సూదికి దివ్య, కబుర్లకు నేను

చెన్నైలో హౌస్ సర్జన్‌గా చేరినప్పటి నుంచి నాకు ఒక్క మనిషి మీదే కుళ్లు, నా బ్యాచ్‌మేట్ దివ్య. ఎంత సన్నటి నరమైనా ఆమె సూదికి మొదటిసారే దొరుకుతుంది. నాకేమో వేలు పెట్టగానే జారిపోతుంది.

ఈ రోజు మా వార్డులోకి తిరువొత్తియూరు నుంచి ఒక అవ్వ వచ్చింది, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగావిడ. దివ్యకు తెలుగు ముక్క రాదు కాబట్టి, ఈ అవ్వయినా నా పక్షమనుకుని పొద్దుటి నుంచీ ఆవిడ మంచం వదల్లేదు. సెలైన్ పెట్టబోతే మాత్రం రెండు చేతుల్లోనూ నరం తప్పింది. దివ్య వచ్చి చిటికెలో పెట్టేసి వెళ్లింది.

సాయంత్రానికి అవ్వ చెయ్యి వాచింది, సూది మార్చాలి. నేను ట్రే పట్టుకుని వెళ్లగానే ఆవిడ చేతులు రెండూ దుప్పట్లో దాచేసింది.

"సూది ఆ పాప వచ్చి ఏస్తాదిలేమ్మా. నువ్వు ఈడ కూచోని నాతో మాట్లాడతా ఉండు, సరియా?"

కూర్చున్నాను. దివ్య సూది వేస్తుంటే అవ్వను మాటల్లో పెట్టింది కూడా నేనే.

ఫైనలియర్‌లో దివ్యకంటే నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ సంగతి అవ్వ చెవిన ఎలా వెయ్యాలో కాస్త చెప్పండి. తెలుగులో చెప్పినా చెయ్యి బయటికి తీసేలా లేదు.