అరిసెల మీద చతికిలబడ్డ మా పాప

మా పాప మొదటి అడుగులు ఆదివారం నా కళ్ళ ముందే వేసింది. ఆ వీడియో తీసి అందరికీ పంపింది నేనే. అడుగులేసిన పిల్లని అరిసెల మీద నడిపించి, వాటిని వీధిలో పంచాలి కదా. మా అత్తయ్య ఈ రోజు పొద్దున్నే అరిసెలు వండి ఇరుగుపొరుగుని పిలిచారు. నేను రోజూ వెళ్ళొచ్చే బాపట్ల ఆఫీసుకి సెలవు పెట్టి తెనాలిలోనే ఉండిపోయాను.

గుడ్డ పరిచి అరిసెలు వరసగా పేర్చాం. పాప మొదటి అరిసె మీద చతికిలబడి, రెండోది తీసుకుని తినడం మొదలెట్టింది. లేపితే కాళ్ళు మడిచేసింది. పావుగంట బతిమాలి నా నడుం పడిపోయింది.

"నడక మొదలెట్టి నాలుగు రోజులేగా పిన్నిగారూ, భయపడుతోంది" అన్నాను, పక్కింటావిడకి సంజాయిషీ ఇస్తున్నట్టు.

"నాలుగు రోజులేంటమ్మా, పోయిన వారమే మా గుమ్మం దాకా నడిచొచ్చిందిగా" అన్నారావిడ.

అత్తయ్య గబుక్కున ఆవిణ్ణి కసిరారు. "అమ్మాయి దగ్గర ఆ మాట ఎత్తొద్దని అందరికీ చెప్పాను కదా వదినా."

అంటే ఆదివారం నా వీడియో చూసి నోరెళ్ళబెట్టిన వీధి వీధంతా నటించిందన్నమాట. కోపం తెచ్చుకుందామంటే, అప్పటికే అత్తయ్య నా నోట్లో అరిసె కుక్కేశారు.

మీ పిల్లల మొదటి అడుగు మీరే చూశామనుకుంటున్నారా? ఒకసారి పక్కింట్లో అడిగి చూడండి.