పదకొండేళ్ల క్వాలిటీ కంట్రోల్

బంతి వస్తే పక్కకు తప్పుకునే జాతి నాది. అలాంటి నేను ఒకసారి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగానికి వెళ్లి పరువు పోగొట్టుకున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

గల్ఫ్‌లో, అల్ ఖోర్ దగ్గర ఒక ప్లాంటులో పైపుల వెల్డింగులు తనిఖీ చేసేవాణ్ణి. దాన్నే క్వాలిటీ కంట్రోల్ అంటారు. ప్రాజెక్టు అయిపోయింది. నెలాఖరులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోతుంది, పెళ్లాంబిడ్డలతో కాకినాడ చేరాలి. క్యాలెండరు చూస్తేనే చెమట పట్టేది.

అప్పుడు మా కింది ఫ్లాటు మల్లేశం ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. "అన్నా, ఈడున్న అమెరికా కాలేజీల ఫుట్‌బాల్‌కు క్వాలిటీ కంట్రోల్ కావాల్నట. నీ పనే గద."

బంతులకూ తనిఖీ ఉంటుంది కాబోలు అనుకున్నాను. మునిగేవాడికి గడ్డిపోచ చాలంటారు, నాకు ఏకంగా గడ్డి మైదానమే దొరికింది. మిగతా ప్రకటన చదవకుండానే దరఖాస్తు పెట్టేశాను.

ఇంటర్వ్యూకు పిలిచారు. హెడ్ కోచ్ అమెరికా ఆయన. బీరువాకు టోపీ పెట్టినట్టున్నాడు.

"క్వాలిటీ కంట్రోల్‌లో ఎన్నేళ్లు?"

"పదకొండు సర్."

ఆయన జాలిగా చూశాడు. "అన్నేళ్లూ అక్కడేనా? ఎవరూ పైకి పంపలేదా?"

"పంపారు సర్. నలభై మీటర్ల దాకా ఎక్కాను."

"ఆఫెన్సా, డిఫెన్సా?"

ఆటలో దాడి చేసే వైపా, కాచుకునే వైపా అని అడిగాడట; నాకు తెలిసిన ఆఫెన్స్ మాత్రం నేరమే. "ఒక్కటీ లేదు సర్" అని పోలీస్ క్లియరెన్స్ కాగితం బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక వీడియో పెట్టాడు. "తప్పులేమిటో చెప్పు."

కోడిగుడ్డు లాంటి బంతి కోసం ఇరవై మంది, కొత్త సినిమా టికెట్ల దగ్గరలా ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నాకేం అర్థమవుతుంది? వీసా పోయినట్టే అనుకుంటుండగా, తెలిసిన వస్తువొకటి కనబడింది.

"సర్, ఆ గోల్‌పోస్టు మొదట్లో వెల్డింగు చీలింది."

"నేనడిగింది ఆట గురించి."

"ఏ ఆట సర్?"

ఆయన వీడియో ఆపేశాడు. తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. "మా వృత్తిలో క్వాలిటీ కంట్రోల్ అంటే కింది మెట్టు. ఎదుటి జట్టు వీడియోలు చూసి ఎత్తులు రాసివ్వాలి. ఆపైన ఒక విభాగానికి కోచ్, తర్వాత కోఆర్డినేటర్, చివరికి హెడ్ కోచ్. ఇంతవరకు రావడానికి తొమ్మిది ఊళ్లు మారాను. వరసగా రెండేళ్లు ఓడితే మళ్లీ పెట్టె సర్దాలి. ఈ ఏడాది నాకూ భయంగానే ఉంది."

ఇద్దరం మైదానంలోకి వెళ్లాం. ఆ చీలికలో గోరు దూరింది. ఆయన ముఖం పాలిపోయింది. కుర్రాళ్లను దూరంగా పంపి మరమ్మతుల కంపెనీకి ఫోన్ చేశాడు. మిగతా స్తంభాలన్నీ తనిఖీ చేయమని ఆ కంపెనీ వాళ్లు నన్ను పనిలో పెట్టుకున్నారు. వీసా నిలిచింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. మా ఆవిడ సువర్ణ ఈలోపే చర్చిలో, మా ఆయనకు కాలేజీలో కోచింగ్ ఉద్యోగమొచ్చిందని సాక్ష్యం చెప్పేసింది. మరుసటి శుక్రవారం, అంటే ఇక్కడి సెలవురోజు, ప్రార్థనయ్యాక చర్చి మెట్ల దగ్గరికి ఒకావిడ ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"కోచింగ్ చెబుతారంట గదండి అన్నయ్యగారూ. మా పిల్లకి ఎంసెట్ ఉందండి. మీది ఫిజిక్సాండి, కెమిస్ట్రీయాండి?"

"ఫిజిక్సండి" అనేసింది నా నోరు.

ప్రశ్న పూర్తిగా అర్థం కానిదే ఇక జన్మలో నోరు విప్పనని, ఆ చర్చి మెట్ల మీదే ప్రమాణం చేశాను.